నీళ్ళ మీద తేలిన ముక్క

కుట్టు గది
జూన్ 3, మధ్యాహ్నం

పిచ్చుకా,

వదినకి ఉత్తరం రాసే తీరిక ఎక్కడిదా అనుకుంటున్నావు కదూ? లేదు. స్కూలు యూనిఫారాలు గుట్టలా పడి ఉన్నాయి. కాజాలు కుట్టే అమ్మాయి సెలవు పెట్టింది. మిషను పెడలు తొక్కినప్పుడల్లా కీచుమంటోంది. అయినా రాస్తున్నానంటే విషయం ఉందన్నమాట. ఫోన్లో చెబుదామంటే దుకాణంలో ఎప్పుడూ ఎవరో ఒకరు కొలతల కోసం చేతులు చాపుకుని నిలబడి ఉంటారు. ఇంట్లో అయితే, లారీ తిప్పుకొచ్చిన రోజున మీ అన్నయ్య ఉంటారు.

నాలుగు నెలలుగా నాకు కడుపులో మంట. ఆయనకి చెబితే "ఎవరి మీద?" అంటారని చెప్పలేదు. పోయిన వారం మరీ ఓర్చుకోలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నోట్లోంచి సన్నటి గొట్టం దింపి లోపలంతా చూశాడు. పుండు ఉందట. దాని అంచు నుంచి ఆవగింజంత ముక్కలు రెండు మూడు తుంచి సీసాలో వేసి, పెద్దాసుపత్రి ల్యాబ్‌కి పంపాలన్నాడు. చీటీ మీద చూస్తే అది నీ ఆసుపత్రే! అంత మంటలోనూ నవ్వొచ్చింది. చిన్నప్పుడు నీకు జడ వేసి బడికి పంపిన వదిన ఇప్పుడు ముక్కలై నీ దగ్గరికే వస్తోంది. కాస్త మర్యాదగా చూడు. కుదిరితే తొందరగా చూడు, ఈ ఎదురుచూపులు నా వల్ల కాదు.

ఇంకో మాట. ఇరవై ఎనిమిదేళ్ళుగా మనుషుల ఒళ్ళు కొలుస్తున్నాను. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడుగు, అన్నీ చూపుతోనే చెప్పేస్తాను. కానీ నాకు తెలిసింది చర్మం దాకానే. ఆ లోపల ఏముందో దేవుడికీ మీ ల్యాబ్ వాళ్ళకీ తెలియాలి. ఆవగింజంత ముక్కలో మీరేం చూస్తారు? నాకు అర్థమయ్యేలా రాయి.

అన్నయ్యకి మాత్రం చెప్పకు. ఒట్టు.

నీ వదిన


ల్యాబ్ పక్కన టీ గది
జూన్ 9

వదినా,

నాలుగు నెలలా? నాలుగు నెలలు మంట పెట్టుకుని మిషను తొక్కావా? ఎదురుగా ఉంటే నీ చెవి మెలిపెట్టేదాన్ని. సరే, తిట్లు తర్వాత.

నీ సీసా మొన్న వచ్చింది. వరుసలో నీది పదిహేడోది. నేను మూడోదిగా జరిపి, నా చేత్తోనే కోశాను. ఇంకొకళ్ళకి ఎలా ఇస్తాను చెప్పు? మా దగ్గర నత్త అని ఒకాయన ఉన్నారు. మంచివారే గానీ ఒక్క దిమ్మ కోయడానికి అరపూట తీసుకుంటారు. ఆయన చేతికి వెళితే నీ రిపోర్టు వచ్చే ఏడాదికి వచ్చేది.

మేం చేసేదేమిటో చెబుతాను. ముక్కని కరిగిన మైనంలో పెట్టి గట్టిపడనిస్తాం. అగ్గిపెట్టెలో సగం ఉండే దిమ్మ తయారవుతుంది. దాన్ని యంత్రానికి బిగించి పొరలు పొరలుగా కోస్తాం. నీ దగ్గరున్న అతి పల్చటి బట్ట కూడా ఆ పొర ముందు దుప్పటే. అది ముడతలు పడకుండా గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వదిలితే తేలుతూ విచ్చుకుంటుంది. కింద నుంచి గాజు పలకతో దాన్ని ఎత్తుకుంటాం. రంగులు వేశాక మైక్రోస్కోప్ కింద పెడితే వదినా, నీకోసారి చూపించాలి! అంతా గులాబీ రంగు, మధ్యలో నీలం చుక్కలు.

ఆ ఒక్కొక్క నీలం చుక్కా ఒక్కో కణం గుండె అనుకో. మన ఒళ్ళంతా కణాలే, లెక్కపెట్టలేనన్ని. ఒంటరి కణం ఏమీ చెయ్యలేదు, నీ పెట్టెలో ఒంటరి దారప్పోగులాగే. ఒకే పని చేసే కణాలు పక్కపక్కన చేరి అల్లుకుంటే కణజాలం. అది మీ బట్ట. రకరకాల కణజాలాలు, అంటే లోపలి పూత, దాని కింద కండ, రక్తనాళాలు, నరాలు, అన్నీ కలిపి కుడితే అవయవం. నీ పొట్ట ఒక అవయవం. అలాంటి అవయవాలు కొన్ని కలిసి ఒక పెద్ద పని పంచుకుంటే దాన్ని వ్యవస్థ అంటారు. నోటి నుంచి చివరిదాకా అన్నం ప్రయాణం ఒక వ్యవస్థ, ఊపిరి ఒకటి, రక్తం ఒకటి.

ప్రతి అవయవానికీ దాని అల్లిక వేరు. ఆవగింజంత ముక్కలో మేం చూసేది ఆ అల్లికనే. కణాలు పద్ధతిగా వరుసలో నిలబడ్డాయా, లేక ఎవరికి వాళ్ళే పెద్దలయ్యారా అని. నేను కోసేదాన్నే, చదివి రాసేది పెద్ద డాక్టరమ్మ. రిపోర్టు రాగానే పంపిస్తాను. నువ్వు కారం మానెయ్యి. టీ కూడా. మానేశానని అబద్ధం రాయకు, నాకు తెలిసిపోతుంది.

పిచ్చుక


ల్యాబ్
జూన్ 14

వదినా,

రిపోర్టు నిన్న మీ డాక్టరుగారికి పంపారు. ఆయనే నీకు వివరంగా చెబుతారు. ఒక్కదానివే వెళ్ళకు. అన్నయ్యని తీసుకెళ్ళు. ఆయన లారీ మీద ఉంటే కాజాల అమ్మాయినైనా తీసుకెళ్ళు.

ఇవాళ ఇంతకన్నా రాయలేకపోతున్నాను.

పిచ్చుక


కుట్టు గది
జూన్ 18

పిచ్చుకా,

నువ్వు పది వాక్యాల కన్నా తక్కువ రాసిన ఉత్తరం నా జన్మలో చూడలేదు. దాంతోనే నాకు సగం అర్థమైంది. మిగతా సగం డాక్టరు చెప్పాడు. క్యాన్సరట. పొట్ట మొత్తం తీసెయ్యాలట. జులై ఇరవైకి ఆపరేషన్ రోజు కూడా రాసిచ్చాడు.

ఒక్కదాన్నే వెళ్ళాను. తిట్టకు. బయటికి వచ్చి ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. ఎదురుగా ఒకాయన కొత్త చొక్కా వేసుకుని వెళ్తున్నాడు. ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగు. అదే చూస్తూ ఉండిపోయాను. తర్వాత దుకాణానికి వచ్చి రెండు యూనిఫారాలు కూడా కుట్టాను, నమ్ముతావా? మూడోదానికి నిక్కరు కాలు తలకిందులుగా కుట్టేశాను. అప్పుడు ఏడిచాను.

భయంగా ఉంది. దాచి ఏం లాభం, నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను. కుట్టకుండా ఉన్న బట్టలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తున్నాను. "ఒంట్లో బాగాలేదు" అంటే అందరూ "పోనీలెండి, పండక్కి కుట్టించుకుంటాం" అంటున్నారు. ఏ పండక్కి? కాజాల అమ్మాయికి మొన్న చెప్పేశాను, నా తర్వాత మిషను నువ్వే తీసుకో అని. అది ఏడుపు మొదలుపెట్టింది. నేను ఓదార్చాల్సి వచ్చింది.

మీ అన్నయ్యకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. లారీ నడిపే మనిషి, దారిలో మనసు చెదిరితే?

ఇది చెప్పు. పొట్ట లేని మనిషి ఎలా బతుకుతాడు? తిన్నది ఎక్కడికి వెళుతుంది? డాక్టరుని అడగడానికి నోరు రాలేదు. పిచ్చి ప్రశ్నలా ఉంటుందని.

వదిన


ఇల్లు
జూన్ 22

వదినా,

పిచ్చి ప్రశ్న కాదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

బతుకుతారు. నిక్షేపంగా బతుకుతారు. ఒంట్లో ఎవరి గోల వాళ్ళది అనే పద్ధతి లేదు వదినా. పొట్ట చేసే పని ఏమిటి? వచ్చిన అన్నాన్ని కాసేపు దాచిపెట్టి, పులుసులో నానబెట్టి, మెత్తగా చిలికి, కొంచెం కొంచెంగా పేగులోకి వదలడం. అది లేకపోతే అన్నవాహికని తిన్నగా చిన్నపేగుకి కలిపి కుడతారు. అవును, కుట్టడమే. ఆ సర్జన్ నీకన్నా చిన్న కుట్లు వేస్తాడేమో గానీ నీ అంత నీటుగా వేస్తాడని నేననుకోను. అప్పుడు దాచే చోటు ఉండదు కాబట్టి పిట్టలా తినాలి, కొంచెం కొంచెం, రోజుకి ఏడెనిమిది సార్లు. అరిగించే రసాలు కాలేయం నుంచీ క్లోమం నుంచీ ఎలాగూ పేగులోకే వస్తాయి. సారం పీల్చుకునేదీ పేగే. పొట్ట ఇచ్చే ఒక్క సాయం మాత్రం ఇంకెవరూ చెయ్యలేరు. దాని వల్లే ఒక విటమిన్ ఒంటికి పడుతుంది. దానికి ఇంజెక్షన్ ఉంది.

పేగు తీసుకున్నది రక్తం మోసుకెళుతుంది. రక్తానికి గాలి ఊపిరితిత్తులు ఇస్తాయి. మురికి మూత్రపిండాలు కడుగుతాయి. వీటన్నిటికీ పైన మెదడు ఉంది గానీ, నిజం చెప్పొద్దూ, దాని పెత్తనం మన ఇంట్లో అన్నయ్య పెత్తనం లాంటిదే. పనులన్నీ దానికి చెప్పకుండానే జరిగిపోతుంటాయి.

నవ్వావా? కొంచెమైనా?

వదినా, అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఇంటికి నువ్వు కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. నీకు పంతొమ్మిది. నువ్వు మీ పుట్టింటికి వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నువ్వు ఉండిపోయావు. నాకు ఎక్కాలు రాకపోతే బట్టకి గుండ్రంగా గుండీలు పేర్చి నేర్పావు. టెక్నీషియన్ చదువుకి వెళతానంటే అన్నయ్య "ఆడపిల్ల రక్తం, చీము చూసే ఉద్యోగమా" అన్నాడు. నువ్వు మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇవన్నీ ఎప్పుడూ నీతో అనలేదు. మన మధ్య థాంక్స్ ఏమిటని. ఇప్పుడు అంటున్నాను. నువ్వు పోతావని కాదు, అనకుండా ఉండడం తప్పని తెలిసి.

అన్నయ్యకి చెప్పు. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఒంట్లో ఒక అవయవం ఇంకోదానికి చెప్పకుండా దాచితే మనిషి పడిపోతాడు. ఇల్లూ అంతే.

పిచ్చుక


కుట్టు గది
జూన్ 30

పిచ్చుకా,

చెప్పాను. లారీ దిగి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పేశాను, ముందూ వెనకా లేకుండా. చెంబు చేతిలోనే ఉంది. నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన చూడలేదు. "ఎన్నాళ్ళుగా?" అన్నారు. ఇప్పటికి ఐదు నెలలు అన్నాను. "నేను ఎవర్నే నీకు?" అని ఒక్క మాటే.

మర్నాడు లారీ ఓనరుకి చెప్పి నెల సెలవు పెట్టేశారు. ఇప్పుడు ఆయనే వండుతున్నారు. గంజి పెట్టారు, అది గోడకి పోస్టర్లు అతికించడానికి పనికొస్తుంది. అయినా తిన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఎదురుగా కూర్చుని నేను తినడం, ఆయన చూడడం ఇదే మొదటిసారి. చెప్పమన్నందుకు నీకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు దుకాణంలో పెద్దగా పని లేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని పాత గుడ్డపీలికలన్నీ బయటికి లాగి బొంత కుడుతున్నాను. ఒక్కొక్క పీలికా చేతిలోకి తీసుకుంటే అది ఎక్కడిదో చెప్పగలను. ఇది కాలరు లోపలిది, ఇది జేబు సంచిది, ఇది పరదా అంచు. రంగు ఒకటే అయినా నేత చెప్పేస్తుంది. పరుపు గలేబు బట్ట తెచ్చి చొక్కా బట్ట అంటే నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు.

అప్పుడు నాకు అనిపించింది. నువ్వు రాశావుగా, ప్రతి అవయవానికీ దాని అల్లిక ఉంటుందని. మరి నాలో పాడైపోయిన ఆ ముక్క ఎలా ఉంది? నా పొట్టలో ఏ భాగంలోంచి పుట్టింది? చుట్టూ ఉన్న మంచి బట్టకి ఎక్కడ అతుక్కుని ఉంది? నన్ను చంపడానికి వచ్చినదాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలియాలి. నువ్వు మళ్ళీ ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. భయపడతానని పూతలు పుయ్యకు.

వదిన


ల్యాబ్
జులై 4

వదినా,

నిన్న ఫోన్లో "ఆపరేషన్ ఆపించారు, మిగతాది రాస్తాను" అని పెట్టేశాను. అక్కడ అన్నయ్య గొంతు వినబడింది. అందుకే ఇంకేమీ చెప్పలేకపోయాను. ఇది ఫోన్లో చెప్పాల్సింది కాదు. ఒక్కదానివే కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చాక, నువ్వడిగినట్టు రాద్దామని నీ స్లైడు బయటికి తీశాను. నిజం చెబుతున్నాను, రిపోర్టు వచ్చాక దాన్ని చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఎక్కడ అతుక్కుని ఉంది అని అడిగావు. ఎక్కడా అతుక్కుని లేదు వదినా. నీ పొట్ట ముక్కలు ఒక పక్కన ఉన్నాయి. వాపు ఉంది, పుండు ఉంది, కానీ కణాలు వరుసలోనే ఉన్నాయి. పాడైన ముక్క వాటికి దూరంగా, అంచున, ఒంటరిగా ఉంది. నీ ముక్కలు స్పష్టంగా కనబడేలా తిప్పితే అది మసకబారుతోంది. దాన్ని స్పష్టం చేస్తే నీవి మసకబారుతున్నాయి. అంటే అది వాటితో ఒక మట్టంలో లేదు, మీద పడి ఉంది.

ఇంకా చూశాను. ఆ ముక్కకి ఒక మూల కాస్త మంచి కణజాలం మిగిలి ఉంది. అందులో నిట్టనిలువు గ్రంథులు, నిండా జిగురు సంచుల్లాంటి కణాలు. పొట్ట లోపలి పూత అలా ఉండదు. పెద్దపేగు అలా ఉంటుంది. నీ భాషలో చెప్పాలంటే, చొక్కాలో గలేబు బట్ట.

పరుగెత్తుకెళ్ళి పెద్ద డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ స్లైడుని అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చూశారు. తర్వాత నత్తగారిని పిలిచి, నీ మైనపు దిమ్మని ఇంకా లోపలికి కోయమన్నారు. ఆయన ముప్పై పొరలు కోశారు. ఒక్క పొరలోనూ ఆ పాడు ముక్క లేదు.

అది నీది కాదు. నీకన్నా ముందు నేను కోసిన దిమ్మలోది.

ఎలా వచ్చిందో చెబుతాను. ఒక దిమ్మ కోయడం అయ్యాక, నీళ్ళ తొట్టి పైభాగాన్ని కాగితం పట్టీతో తుడవాలి. తేలుతున్న తునకలు ఏవైనా ఉంటే దానికి అంటుకుని వచ్చేస్తాయి. ఆ తర్వాతే కొత్త దిమ్మ మొదలుపెట్టాలి. ఆ రోజు నేను తుడవలేదు. నత్తగారు టీకి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోగా నీది కోసెయ్యాలని తొందర. ఎందుకంటే మా గోడ మీద ఇంకో నియమం ఉంది. అయినవాళ్ళ ముక్క అయినవాళ్ళు కోయకూడదు. అది గుండె దిటవు లేనివాళ్ళ కోసం రాశారని నేను అనుకునేదాన్ని. నీకు రాసిన ఉత్తరంలో నా చేత్తోనే కోశానని గొప్పగా చెప్పుకున్నాను, ఈ నియమం సంగతి రాయకుండా.

జరిగిందంతా రాసి సంతకం పెట్టి డాక్టరమ్మకి ఇచ్చాను. "నా కళ్ళు కూడా దీన్ని దాటిపోయాయి, తప్పులో నాకూ వాటా ఉంది" అన్నారావిడ. అది ఆవిడ పెద్దమనసు. నన్ను కోత పని నుంచి తీసేశారు. ఇప్పుడు సీసాలకి చీటీలు అంటిస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో నెలాఖరుకి తెలుస్తుంది.

నీ పొట్ట నీకు దక్కినందుకు నిన్న సాయంత్రం నుంచి దేవుళ్ళందరికీ దండం పెడుతున్నాను. అదే నోటితో నిన్ను క్షమించమని అడగడానికి సిగ్గుగా ఉంది.

పిచ్చుక


కుట్టు గది
జులై 9

సంతోషించాలో, వచ్చి నీ రెండు చెంపలూ వాయించాలో తెలియక మూడు రోజులుగా ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులు నేను పోయినట్టే బతికాను. అద్దంలో చూసుకుంటే నాకు నేనే ఫొటోలా కనబడ్డాను. మీ అన్నయ్య నేను నిద్రపోయాననుకుని దొడ్లోకి వెళ్ళి ఏడిచారు. నేను విన్నాను. ఆ ఏడుపుని ఏ కాగితం పట్టీతో తుడుస్తావు? దుకాణం మూతపడినంత పనైంది. మిషను నీదేనని ఆ పిల్లతో అన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని "నేను పోవడం లేదులే, మిషను ఇవ్వను" అని చెప్పను?

నేను ఆ ప్రశ్న అడగకపోతే? ఊరికే గుడ్డపీలికలు ఏరుకుంటూ కూర్చోకపోతే? ఈ నెల ఇరవైన నా పొట్ట కోసి చెత్తబుట్టలో వేసేవాళ్ళు కదే. నువ్వు నా మంచం పక్కన కూర్చుని కొంచెం కొంచెం తినిపించేదానివి.

ఇప్పుడు మా డాక్టరు మళ్ళీ గొట్టం వేసి కొత్త ముక్కలు తీస్తాడట, నిర్ధారణకి. మొదటి కాగితం నమ్మాను, అది తప్పన్నారు. రెండో కాగితం ఏం చూసి నమ్మాలి?

ఇంకొకటి. ఆ పాడు ముక్క నాది కాదు, సరే. ఎవరిదో ఒకరిది కదా. ఆ మనిషి సంగతి ఏమిటి? అది చెప్పు. అది తప్ప ఇంకేమీ రాయకు. కొన్నాళ్ళు నీ ఉత్తరం చూడాలని లేదు.


ల్యాబ్
జులై 14

వదినా,

నువ్వడిగింది మాత్రమే రాస్తాను.

ఆ మనిషి రిపోర్టు మొదటిసారే సరిగ్గా వెళ్ళింది. ఆయన ముక్కలో ఉన్నది ఆయన స్లైడులోనే ఉంది, దాని తునక ఒకటి మాత్రం నీ దగ్గరికి వచ్చింది. ఆయనకి ఆపరేషన్ అయిపోయింది. పేగులో ఒక జానెడు తీసి, రెండు కొసలూ కలిపి కుట్టారట. తొందరగా పట్టుకున్నారు కాబట్టి మంచి అవకాశం ఉందని డాక్టరమ్మ అన్నారు. ఆయన ఎవరో నాకు తెలియదు, తెలుసుకోకూడదు. నంబరు మాత్రమే తెలుసు.

నీ కొత్త సీసా ఇవాళ వచ్చింది. చీటీ అంటించాల్సింది నేనే. అంటించలేదు. పక్క బల్ల అమ్మాయికి ఇచ్చేశాను. నత్తగారు కోస్తారు. దాని వంతు వచ్చినప్పుడే, ఇరవై రెండోదిగా. తొట్టిలో నీళ్ళు కూడా మార్చి కోస్తానన్నారు. డాక్టరమ్మే కాక, ఈ సంగతేమీ తెలియని ఇంకో డాక్టరు కూడా విడిగా చూస్తారు. ఆ సమయంలో నేను ఆ గదిలోకి వెళ్ళను. ఏం చూసి నమ్మాలని అడిగావు. నా చెయ్యి పడలేదని చూసి నమ్ము.

పిచ్చుక


కుట్టు గది
ఆగస్టు 2

పిచ్చుకా,

పుండే. ఉత్త పుండు. రెండు కాగితాలూ అదే చెప్పాయి. అందులో ఏదో సూక్ష్మజీవి చేరిందట. రెండు వారాల మాత్రలు ఇచ్చారు. పది రోజులకే మంట సగం తగ్గింది. మీ నత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మెల్లగా పని చేసేవాళ్ళని చూసి నవ్వడం ఇద్దరం మానేద్దాం.

కాజాల అమ్మాయికి చెప్పేశాను. "మిషను నాకొద్దు, నువ్వుంటే చాలు పిన్నీ" అంది. దానికి పెడలు తొక్కడం కూడా సరిగ్గా రాదులే. బట్టలు వెనక్కి ఇచ్చేసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే మళ్ళీ తెస్తున్నారు. రెండు రోజుల నుంచి తల ఎత్తడానికి లేదు.

నిన్న ఒక చొక్కాకి చెయ్యి కత్తిరిస్తుంటే కడుపు గుర్రుమంది. ఎప్పుడూ ఏం చేసేదాన్నో తెలుసా? ఒక గ్లాసు నీళ్ళు పోసి దాని నోరు మూయించేదాన్ని. ఈ చెయ్యి అయ్యాక, ఈ కాలరు అయ్యాక, ఈ గిరాకీ వెళ్ళాక అని. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే గడిపాను. నిన్న కత్తెర కింద పెట్టి లేచి అన్నం తిన్నాను. ఎదురుగా ఒకావిడ నిలబడే ఉంది. ఉండనీ. నమలడం, మింగడం, అది దిగడం, నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే లోపల జరుగుతున్నాయని తెలిసి తింటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళూ అడగకుండానే ఇంత పని చేసిపెట్టిన ఒంటికి నేను ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పుకోలేదు. అది నీ ఉత్తరాలు చదివాకే తెలిసింది. ఆ మేలు మాత్రం కాదనలేను.

క్షమించానా అని అడిగావు. అడగలేదు గానీ అడిగినట్టే. నీకొక సంగతి చెబుతాను. నా చేతిలో పాడైన పెళ్ళి బట్టలు ఇన్నేళ్ళలో ఒక్కటే జత. అవి నా సొంత చెల్లెలివి. వేరే ఎవరికీ ఇవ్వనని పట్టుబట్టి, తొందర తొందరగా, మురిపెంతో కత్తిరించాను. ఒకే వైపువి రెండు భాగాలు కోసేశాను. చేతిలో ప్రేమ ఎక్కువైతే కత్తెర చూపు తగ్గుతుంది. మీ గోడ మీద ఆ నియమం రాసినవాడు ఎవరో గానీ అయినవాళ్ళున్నవాడే. పైగా తొందరగా చూడమని రాసింది నేనే కదా. వరుసలో జరిపిన చెయ్యి నీదైనా, తోసింది నేను.

నీ ఉద్యోగం నిలిచిందని, ఆరు నెలల తర్వాత మళ్ళీ కోత పనికి తీసుకుంటారని డాక్టరమ్మ ఉత్తరం రాశారు. అవును, నాకే రాశారు. "తప్పు దాచిపెట్టే వీలు ఉండి కూడా దాచలేదు" అని రాశారు. అది చదివాక నా కోపం చాలావరకు పోయింది. అంతా పోయిందని అబద్ధం చెప్పను. ఆ పద్దెనిమిది రోజుల్లో ఒకటో రెండో ఇంకా లోపల మిగిలి ఉన్నాయి. అవీ మానుతాయి. టైము పడుతుంది.

ఇక మీ అన్నయ్య. ల్యాబ్ వాళ్ళ పొరపాటు అని మాత్రమే ఆయనకి తెలుసు. "ఎవడు వాడు, చెయ్యి విరగ్గొడతాను" అని రోజుకి నాలుగుసార్లు అంటున్నారు. ఎవరో నేను చెప్పలేదు. నేను చెప్పను కూడా, అది నువ్వే చెప్పాలి. దాచిపెడితే ఏమవుతుందో ఈ ఇంట్లో అందరం చూశాం.

ఆదివారం పొద్దున బస్సుకి బయలుదేరి రా. రాగానే చెప్పెయ్యి. భోజనం అయ్యాక చెబితే ఆయనకి తిన్నది అరగదు. ఆయన అరుస్తారు, అరవనీ. నేను మీ ఇద్దరి మధ్యా కూర్చుంటాను.

నీ వదిన